అనంతపురంలో మా సర్వర్ గదికి కేవీఎం స్విచ్ ఎంపిక: నా అనుభవం

అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి కంప్యూటర్ల బాధ్యత నాది. ఇక్కడి సర్వర్ గదిలో ఉన్నది ఒక ఏసీ, ఒక ర్యాక్, ఆరు సర్వర్లు. వాటన్నిటికీ కలిపి మానిటర్, కీబోర్డు, మౌసు ఒక్కొక్కటే. వాటిని ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు మార్చే పెట్టే కేవీఎం స్విచ్. మా పాత స్విచ్‌కు నాలుగే పోర్టులు కావడం చిన్న ఇబ్బంది. అసలు బాధ కరెంటుతో వచ్చేది. రాత్రి కరెంటు పోయి యూపీఎస్ బ్యాటరీలు కూడా ఖాళీ అయితే, కరెంటు రాగానే సర్వర్లన్నీ ఒకేసారి ఆన్ అయ్యేవి. పాత స్విచ్ మాత్రం ఎంచుకున్న పోర్టుకే కీబోర్డును చూపించేది. ల్యాబ్ రిపోర్టుల సర్వర్ పాతది. కీబోర్డు కనిపించక, ఎఫ్1 నొక్కమంటూ నల్ల తెర మీద ఆగిపోయేది. ఓపీ మొదలయ్యే వేళకు రిపోర్టుల కోసం రోగులు బారులు తీరేవారు.

అందుకే ఈసారి పోర్టుల కంటే ముందు ఎమ్యులేషన్ గురించి అడిగాను. అంటే, ఏ పోర్టును ఎంచుకున్నా, ఆరు సర్వర్లకూ కీబోర్డు, మౌసు ఎప్పుడూ తగిలించి ఉన్నట్టే కనిపించాలి. మానిటర్ వివరాలు తెలిపే ఈడీఐడీని కూడా స్విచ్ ప్రతి పోర్టుకూ అందిస్తూ ఉండాలి. లేదంటే అది అందని సర్వర్ తక్కువ రెజల్యూషన్‌తో ఆన్ కావచ్చు.

ఊళ్లో రెండు పోర్టుల డబ్బాలే దొరకడంతో కంప్యూటర్ సామాన్ల దుకాణాలుండే బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్లాను. అక్కడ ముందుగా నెట్‌వర్క్ ద్వారా దూరం నుంచి వాడే ఐపీ కేవీఎం చూపించారు. ఇంట్లో కూర్చుని బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం) దాకా చూడవచ్చంటే ఎవరికి ఆశ పుట్టదు? కానీ దాన్ని వేరే నెట్‌వర్క్‌లో ఉంచాలి, దాని లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌ను ఎప్పటికప్పుడు మార్చాలి. పైగా మా కొత్త సర్వర్లకు దూరం నుంచి చూసుకునే మేనేజ్‌మెంట్ పోర్టు ఎలాగూ ఉంది. వద్దనుకున్నాను.

చివరికి యూఎస్‌బీ, వీజీఏ (పాత తరహా మానిటర్ కనెక్షన్)లతో పనిచేసే ఎనిమిది పోర్టుల స్విచ్ నచ్చింది. దుకాణంలోనే ఒక కంప్యూటర్‌ను మూడో పోర్టుకు కలిపించి, ఏ లోపం కనిపించినా ఆగేలా బయాస్‌లో పెట్టించాను. స్విచ్‌ను ఒకటో పోర్టులో ఉంచి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయమన్నాను. కాసేపాగి మూడుకు మార్చి చూస్తే లాగిన్ తెర సిద్ధంగా ఉంది. ఆ పరీక్షను చూడకుండా డబ్బు కట్టవద్దని గట్టిగా చెబుతాను.

కేబుళ్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. కొన్ని కంపెనీల స్విచ్‌లకు వాటి సొంత కేబుళ్లే పడతాయి; పాడైతే మన ఊళ్లో దొరకవు. మామూలు వీజీఏ, యూఎస్‌బీ కేబుళ్లు పట్టేదే తీసుకున్నాను. పొడవు మరీ ఎక్కువైతే అక్షరాల పక్కన నీడలు పడతాయి, తక్కువైతే సర్వర్‌ను ర్యాక్ పట్టాల మీద ముందుకు లాగలేము. మాకు మూడు మీటర్లవి సరిపోయాయి. హెచ్‌డీఎంఐ మాత్రమే ఉన్న బ్యాకప్ యంత్రానికి కన్వర్టర్ విడిగా కొన్నాను.

బిగించాక స్విచ్ అడాప్టర్‌ను యూపీఎస్ లైనుకే ఇచ్చాను. సర్వర్ల కంటే ముందు స్విచ్ సిద్ధంగా ఉండాలి కదా. స్క్రోల్ లాక్ రెండుసార్లు నొక్కితే పోర్టు మారే ఏర్పాటు ఉంది, కానీ మా కీబోర్డుకు ఆ మీటే లేదు. దాన్ని కంట్రోల్ మీటకు మార్చాను. ఒక ఆదివారం డాక్టర్ల అనుమతితో కరెంటు పూర్తిగా ఆపి, మళ్లీ ఇచ్చాం. ల్యాబ్ సర్వర్ ఎఫ్1 అడగకుండానే ఆన్ అయింది.