ఒడిశా సగంలో ఉండగా వచ్చిన ప్యాచ్

యూరోపా యూనివర్సాలిస్ 4 అంటే ఒక రాజ్యాన్ని ఎంచుకుని శతాబ్దాల పాటు ఏలే కంప్యూటర్ ఆట. దాన్ని ఆడేవాళ్లకు కొత్త ప్యాచ్, అంటే ఆటను మార్చే అప్‌డేట్, వచ్చిందంటే సగం సంబరం, సగం గుబులు. 2013 ఆగస్టులో విడుదలైన ఆటకు పదేళ్లు దాటాక కూడా మార్పులు వచ్చాయి. 2024 మే నెలలో 1.37 వెర్షన్ వచ్చేసరికి నేను 1.36లో ఒడిశాను ఏలుతున్నాను. ఆట 1444 నవంబరు 11న మొదలవుతుంది. నేను 1600ల చివరికి వచ్చేశాను. బెంగాల్ నాది. బహమనీల ఊసే లేదు. ఢిల్లీ మాత్రం కొరకరాని కొయ్యగా మిగిలింది.

ప్రపంచమంతా ఉండగా ఒడిశా ఎందుకంటే, శ్రీకాకుళంలో పుట్టినవాడికి ఆ పటం మీద సొంత రాజ్యం అదే. మా జిల్లాలోని ముఖలింగం నుంచి ఏలిన తూర్పు గాంగుల వంశం చివరికి వచ్చాక కపిలేంద్ర గజపతి సింహాసనం ఎక్కాడు. ఆట మొదలయ్యేది ఆయన కాలంలోనే. అలాంటి రాజ్యాన్ని ఇంతదాకా లాక్కొచ్చి ఒక్క బటన్‌తో పాడుచేసుకోవడానికి చేయి రాలేదు.

ప్యాచ్ వద్దనుకుంటే సరిపోయేది. కానీ మే 13న పోలింగ్. బెంగళూరులో ఉండే మా బావ ఓటు వేయడానికి వస్తూ ల్యాప్‌టాప్ కూడా తెస్తున్నానని ఫోను చేశాడు.

“నాది 1.37 అయిపోయింది. నువ్వూ ఎక్కించేసుకో, రాగానే మొదలుపెడదాం.”

“నా ఒడిశా ఏమైపోవాలి బావా?”

“కొత్తది మొదలుపెట్టుకో. దానికేం భాగ్యం!”

సగంలో ఉన్న ఆట లేనివాడికి అంతా సులువే. అయితే ఇద్దరం కలిసి ఆడాలంటే వెర్షన్ ఒకటే అయి తీరాలి. అదీ చాలదు. మొదటి తెర మీద వెర్షన్ పక్కన చెక్‌సమ్ అని నాలుగు అక్షరాల గుర్తు కనిపిస్తుంది. ఆట ఫైళ్లను బట్టి లెక్కగట్టే గుర్తు అది. ఒకరి దగ్గర ఆట నడకను మార్చే మాడ్ (ఆటగాళ్లు తయారుచేసే అదనపు చేర్పు) ఉండి రెండోవారి దగ్గర లేకపోయినా అది మారిపోతుంది, ఆట కలవదు.

ముందు ప్యాచ్ వివరాల జాబితా చదివాను. అది చాంతాడంత ఉంటుంది. మొత్తం చదవాలని కూర్చుంటే తెల్లవారుతుంది కాబట్టి నేను చూసేవి కొన్నే. నా దేశం పేరు, నా పొరుగు దేశాల పేర్లు ఉన్నాయా? పటంలో రాష్ట్రాలను చీల్చారా, కలిపారా? మిషన్లు (దేశానికి ఇచ్చే లక్ష్యాలు), ఐడియాలు (దేశానికి దొరికే ప్రత్యేక లాభాలు) మార్చారా? మిగిలినవి, అంటే తెర మీద బటన్ల సర్దుబాట్లు, కంప్యూటర్ ఆటగాడి తెలివికి పెట్టిన మెరుగులు, ఎప్పుడైనా తీరిగ్గా చదువుకోవచ్చు. ఈసారి కొత్త సరుకులో ఎక్కువ భాగం అమెరికా ఖండాల ప్రాచీన రాజ్యాలకూ, ఐరోపాకూ సంబంధించినది. ఒడిశాకు దానితో ఒరిగేదేమీ నాకు కనబడలేదు.

“మీ రాజ్యాన్ని ముట్టుకోలేదు కదా, మరి భయమెందుకు?” అని బావ అడిగాడు. భయం అక్కడే ఉంది. సగంలో ఉన్న ఆటను దాచుకునే సేవ్ ఫైలు అంటే ఆటంతటికీ తీసిన ఫోటో కాదు. అందులో ఉండేవి పేర్లు, సంఖ్యలు: ఫలానా రాష్ట్రం, ఫలానా భవనం, ఫలానా మిషన్ పూర్తయింది అని. ఆ పేర్లకు అర్థం చెప్పేవి ఆట ఫైళ్లు. ప్యాచ్ ఆ ఫైళ్లలో ఒక మిషన్ పేరు మార్చినా, ఒక సంఘటన తీసేసినా, సేవ్‌లోని ఆ మాట దిక్కులేనిదవుతుంది. తెరుచుకోకపోతే ఒక రకంగా నయం. కనీసం సంగతి తెలుస్తుంది. తెరుచుకుని, ముప్పై ఏళ్లు ఆడాక ఎక్కడో లెక్క తప్పిందని తెలిస్తే అదీ అసలు నొప్పి.

ఇక వద్దనుకున్నా ఆగుతుందా అంటే, దానంతట అది ఆగదు. ఆటలు కొని దించుకునే స్టీమ్‌లో ఆట తెరిచినప్పుడే అప్‌డేట్ చేయమని పెట్టుకోవచ్చు. చాలామంది దానితో నిశ్చింతగా ఉంటారు. కానీ అది వాయిదా మాత్రమే. తెరవగానే అప్‌డేట్ మొదలవుతుంది. అసలు దారి వేరే ఉంది. ఆట పేరు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళితే బీటాస్ అని ఒక విభాగం ఉంటుంది. పేరు చూసి పరీక్షల కోసం పెట్టిందనుకుంటాం గానీ, ఈ ఆటకు అక్కడ పాత వెర్షన్లు వరుసగా ఉంటాయి. 1.36 ఎంచుకుంటే ఆట అక్కడే నిలుస్తుంది.

దానికి ముందు డాక్యుమెంట్స్‌లో, ఆటను విడుదల చేసిన సంస్థ పేరుతో ఉండే పారడాక్స్ ఇంటరాక్టివ్ ఫోల్డరు తెరిచి, లోపలి సేవ్ గేమ్స్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. క్లౌడ్‌లో దాచిన సేవ్‌లు ఆ ఫోల్డరులో కనిపించవు. అందుకని 1.36 దగ్గర నిలిపాక ఆటను ఒకసారి తెరిచి, క్లౌడ్ గుర్తు తీసేసి, వేరే పేరుతో మళ్లీ సేవ్ చేశాను.

ఎక్కువమంది పట్టించుకోనిది మాడ్ల సంగతి. నా ఆటలో భారతదేశపు రాజ్యాలకు అదనపు మిషన్లు చేర్చే మాడ్ ఒకటి ఉంది. ఆటను 1.36 దగ్గర కట్టేసినా, స్టీమ్‌లో మాడ్లు పంచుకునే చోటైన వర్క్‌షాప్ నుంచి వచ్చే మాడ్ ఆగదు. దాన్ని తయారుచేసినవారు 1.37కి తగ్గట్టు మార్చి పెట్టగానే నా కంప్యూటర్‌లోనూ మారిపోతుంది. పాత ఆట, కొత్త మాడ్: ఈ జోడీ కుదరదు. స్టీమ్ ఫోల్డర్లలో వర్క్‌షాప్ కింద 236850 అనే సంఖ్యతో ఈ ఆట మాడ్లన్నీ ఉంటాయి. అక్కడి నుంచి నాకు కావలసిన దాన్ని ఆట సొంత మాడ్ ఫోల్డరులోకి నకలు తీసి, దానికి సంబంధించిన చిన్న ఫైలులో దారి మార్చి రాసి, వర్క్‌షాప్‌లో దాని చందా రద్దు చేశాను. పని చిన్నదే గానీ ఒక చుక్క తేడా వచ్చినా, ఆటను తెరిచే లాంచర్ ఆ మాడ్‌ను గుర్తించదు.

పాత వెర్షన్‌కు వెనక్కి రావాలన్నా డౌన్‌లోడే. మే నెల ఎండల్లో మా వైపు కరెంటు ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఆగిన డౌన్‌లోడ్ మళ్లీ ఆగినచోటి నుంచే సాగుతుంది సరే, ఫోను హాట్‌స్పాట్ మీద రోజువారీ డేటా అయిపోతే మాత్రం మర్నాటి దాకా ఎదురుచూడాలి. అందుకే బావతో ఆడేటప్పుడు 1.37, ఒంటరిగా ఆడేటప్పుడు 1.36 అని అటూ ఇటూ మార్చుకునే ఆలోచన మొదట్లోనే వదిలేశాను.

లెక్క చూస్తే, కదలాల్సింది పోగొట్టుకోవడానికి ఏమీ లేని మనిషి. ఆ మాట బావతో ఇంత సూటిగా చెప్పలేదు. “విజయనగరం నీకు వదిలేస్తాను, నువ్వు 1.36కి దిగు” అన్నాను. హంపీ రాజ్యం చేతికి వస్తుందనగానే బేరం కుదిరింది. బెంగళూరులో బయలుదేరకముందే, అక్కడి మంచి ఇంటర్నెట్ మీదే వెర్షన్ దించుకోమన్నాను. వచ్చాక నా మాడ్‌ను పెన్‌డ్రైవ్‌తో ఇచ్చాను. రెండు తెరల మీదా నాలుగు అక్షరాలూ కలిశాయి.

ఓటు వేసి వచ్చి వేలికి సిరాతోనే కూర్చున్నాం. 1516లో కృష్ణదేవరాయలు సింహాచలం దాకా వచ్చి శాసనం వేయించాడు కనుక తనకూ అక్కడి దాకా హక్కు ఉందని బావ వాదన. 1444లో ఆ మాట చెల్లదని నాది. గోదావరి దగ్గర గొడవ మొదలయ్యేసరికి అక్క భోజనానికి పిలిచింది.

నా ఒంటరి ఒడిశా 1821కి చేరి ఆట ముగిసేదాకా 1.36లోనే ఉంటుంది. 1.37 ఆ తరువాతే, అదీ సరికొత్త ఆటతో.