26 ఏళ్లకో కంచు రేకు

మల్కాపురంలో మా ఇంటి బీరువాలో నాన్న నేవీ డిశ్చార్జి బుక్ ఉంది. 15 ఏళ్ల సర్వీసు. అంచులు చెదలు తినేసినా అమ్మ పారేయనివ్వదు.

నిన్న రోమన్ల నౌకాదళం గురించి చదువుతుంటే అదే గుర్తొచ్చింది. ఈజిప్టు, థ్రేస్ (ఇప్పటి బల్గేరియా వైపు) లాంటి చోట్ల నుంచి వచ్చిన పరాయివాళ్లు 26 ఏళ్లు పనిచేస్తేగానీ రోమన్ పౌరసత్వం వచ్చేది కాదు. రుజువుగా రెండు కంచు రేకులు తీగతో కట్టి, ఏడుగురు సాక్షుల ముద్రలు వేసేవారు. లోపలా బయటా ఒకటే రాత. బయటిది ఎవరైనా దిద్దితే లోపలిది విప్పి చూసుకోవచ్చు. భలే తెలివి!

క్రీ.శ. 212లో కారకల్లా చక్రవర్తి, బానిసలు కానివాళ్లకు దాదాపు అందరికీ పౌరసత్వం ఇచ్చేశాడు. పన్నుల కోసమేనని ఆ కాలపు చరిత్రకారుడు కాసియస్ డియో దెప్పాడు. నాకూ అదే అనుమానం.

అమ్మకి చెప్తే, "26 ఏళ్లా? మీ నాన్న పదిహేనుకే సముద్రం చూస్తే మొహం తిప్పుకునేవారు" అంది.