ఖాళీ గడి

కిందటి డిసెంబరులో నాలుగు వారాలు ఇంటికి వచ్చాను. అందులో సెలవు రెండు వారాలే. మిగతా రెండూ "హైదరాబాద్ నుంచే పనిచేస్తాను" అని మ్యూనిక్‌లో మేనేజరుకి మాటిచ్చి సంపాదించుకున్నవి. చేతిసంచిలో అన్నిటికంటే ముందు సర్దుకున్నది ఒక సర్క్యూట్ బోర్డు, దాని సీరియల్ కేబుల్. అమ్మ సంచి విప్పి చూసి, "ఇదేందిరా, చాక్లెట్లేవి?" అంది.

మా ఇల్లు ఏఎస్ రావు నగర్‌లో. ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ని నిలబెట్టిన ఏఎస్ రావు గారి పేరు పెట్టుకున్న కాలనీ. నాన్న ఈసీఐఎల్‌లోనే టెస్టింగ్ సెక్షన్‌లో చేరి అక్కడే రిటైరయ్యారు. డెబ్బైల నాటి టీడీసీ-316 కంప్యూటర్ బోర్డులు తన బెంచీ మీదుగానే వెళ్లాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. జర్మనీ వెళ్లి తొమ్మిదేళ్లయినా నేను చేసే పనేమిటో ఆయనకి సరిగ్గా చెప్పలేకపోయాను. "ఇంటరప్ట్ కంట్రోలర్ డ్రైవర్" అంటే తలూపుతారు. పక్క ఫ్లాటు వాళ్లు అడిగితే మాత్రం "సాఫ్ట్‌వేర్" అంటారు.

ఈసారి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని చూపించి చెప్పాను. చిప్‌లో ప్రాసెసర్‌ని పిలిచేవాళ్లు చాలామంది: టైమర్, సీరియల్ పోర్టు, ఒక్కో నెట్‌వర్క్ పోర్టు. అందరూ నేరుగా పైకి వచ్చేస్తే ఇల్లు నడవదు కాబట్టి కింద ఒక వాచ్‌మన్ ఉంటాడు. ఎవరొచ్చినా ఆయన పుస్తకంలో టిక్కు పెడతాడు. పైనవాళ్లు చూసి కొట్టేసేదాకా ఆ టిక్కు అలాగే ఉంటుంది. ఎవరిని పైకి పంపకూడదో ఇంకో పేజీలో రాసుకుంటాడు. వచ్చేవాళ్లు రెండు రకాలు. కాలింగ్ బెల్ మీద వేలు పెట్టి, తలుపు తీసేదాకా తీయనివాడు ఒకడు. మిస్డ్ కాల్ ఇచ్చి ఊరుకునేవాడు ఇంకొకడు. మొదటివాణ్ణి మరిచిపోయినా మళ్లీ వినిపిస్తాడు. రెండోవాడి టిక్కు పొరపాటున చెరిగిపోతే మాత్రం అతను వచ్చిన సంగతే ఎవరికీ తెలియదు. ఆ పిలుపే ఇంటరప్ట్, ఆ వాచ్‌మన్ ఇంటరప్ట్ కంట్రోలర్, ఆయనతో పని చేయించే ప్రోగ్రామ్ డ్రైవర్.

"ఇంతేనా?" అన్నారు నాన్న. ఇంతే. కానీ ప్రతి అపార్ట్‌మెంట్‌కీ వాచ్‌మన్ వేరు, పుస్తకం వేరు. నా జీతం అంతా ఆ తేడాల్లోనే ఉంది.

మా కంపెనీ చిప్‌ల లోపలి సంగతులు బయట రాయకూడదు కాబట్టి, అందరూ చదవగలిగే ఉదాహరణ చెప్తాను. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లో ఆసెలాట్ అనే నెట్‌వర్క్ స్విచ్ చిప్ కోసం ఒక ఇంటరప్ట్ కంట్రోలర్ డ్రైవర్ ఉంది. ఒక్క ఫైలు. అందులోనే ఆసెలాట్, సెర్వల్, లూటన్, జాగ్వార్2 నాలుగూ నడుస్తాయి. ఆసెలాట్‌కి 24 ఇంటరప్ట్ లైన్లు (పిలుపులొచ్చే దారులు), లూటన్‌కి 28, జాగ్వార్2కి 29. టిక్కులు పెట్టే రిజిస్టరు, అంటే పుస్తకంలో ఆ పేజీ, ఆసెలాట్‌లో పదహారో చిరునామా (హెక్సా 10) దగ్గర ఉంటే లూటన్‌లో సున్నా దగ్గరే ఉంటుంది. వచ్చినవాడు బెల్ రకమా, మిస్డ్ కాల్ రకమా చెప్పే ట్రిగర్ రిజిస్టరు కొన్నిటికి ఉంది. లూటన్ పట్టికలో అది ఉందన్న గుర్తు లేదు. చిప్‌కొక వరుస చొప్పున ఒక పట్టిక రాసి, బోర్డు మీద ఏమేమున్నాయో చెప్పే జాబితా, డివైస్ ట్రీలో ఏ పేరుంటే ఆ వరుస తీసుకుంటారు. కోడ్ ఒకటే, మారేది వరుసే.

ఇలా కాకుండా "ఈ చిప్ అయితే ఇలా, ఆ చిప్ అయితే అలా" అని ఫంక్షన్ల నిండా షరతులు పెట్టుకుంటూ పోవచ్చు. మొదటి ఉద్యోగంలో నేను చేసింది అదే. నాలుగో చిప్ వచ్చేసరికి ఆ ఫైలు తెరవాలంటే టెన్షన్ వచ్చేది.

తేడా ఎప్పుడూ పేజీ నంబరులోనే ఉండదు. ఒక్కోసారి చిప్‌లోనే లోపం ఉంటుంది. ఆర్మ్ ప్రాసెసర్ల పక్కన ఉండే జీఐసీ అనే ప్రసిద్ధమైన వాచ్‌మన్ ఒకడున్నాడు. లినక్స్‌లో అతని డ్రైవర్ కూడా ముందు గుర్తింపు రిజిస్టరు చదివి, 'ఈ తయారీదారు, ఈ వెర్షన్' అని పోల్చుకుని, దానికి తగ్గ సర్దుబాటు వేసుకుంటుంది. కేవియమ్ థండర్‌ఎక్స్ చిప్‌లలో ఒక రిజిస్టరు చదివేటప్పుడు ముందూ వెనకా ఏ పనీ చేయని ఆదేశాలు కొన్ని పెట్టాల్సి వచ్చింది. అంటే ఊరికే ఊపిరి పీల్చుకునే టైము ఇవ్వడం. అది చదివిన రోజు నాకు భలే ముచ్చటేసింది.

సరే, మా కథ. నిరుడు వేసవిలో మ్యూనిక్‌లో కూర్చుని, వేరువేరుగా ఉన్న మా పాత డ్రైవర్లన్నిటినీ కలిపి పట్టికతో ఒకే డ్రైవర్ రాశాను. రివ్యూలో ముగ్గురు చూశారు. అక్కడ రివ్యూ అంటే మొహమాటాలుండవు. "ఇది తప్పు" అని అందరి ముందూ చెప్పి, అరగంట తర్వాత క్యాంటీన్‌లో నీ పక్కనే ట్రే పెట్టుకుని కూర్చుంటారు. మొదటి ఏడాది ఆ రెంటినీ కలిపి అర్థం చేసుకోలేక రాత్రుళ్లు నిద్రపట్టేది కాదు. ఇప్పుడు అలవాటైంది. నా పట్టికలో కూడా రెండు తప్పులు పట్టుకున్నారు, దిద్దాను, అందరూ సరే అన్నారు. కొత్త బోర్డు మీద ఐదొందల సార్లు రీబూట్ చేస్తే ఒక్కసారీ తేడా రాలేదు. డ్రైవర్ హైదరాబాద్ ఆఫీసుకి వెళ్లింది. పాత తరం చిప్ బోర్డులు ఉన్నది అక్కడే.

వారం వారం అందరం నింపే ఒక షీటు ఉంది. హైదరాబాద్ వరుసలో 'సమస్యలు' అన్న గడి నెలన్నరపాటు ఖాళీగానే ఉంది. మ్యూనిక్‌లో మేమంతా ఏమనుకుంటాం? సమస్యల్లేవనే. మీటింగులో అడిగితే "ఆల్మోస్ట్ అయిపోయింది" అని వినపడేది. హైదరాబాద్‌లో పెరిగినవాణ్ణి, ఆ 'ఆల్మోస్ట్' అర్థం నాకు తెలిసుండాలి. తొమ్మిదేళ్లలో అది కూడా మరిచిపోయాను కాబోలు.

డిసెంబరు రెండో వారంలో ఆఫీసుకి వెళ్లాను. ఆటోలో హబ్సిగూడ దాకా, అక్కణ్ణుంచి మెట్రో బ్లూ లైన్‌లో రాయదుర్గం. నేను వెళ్లిన కొత్తల్లో లేని భవనాలు చూసుకుంటూ దిగాను. అక్కడ నన్ను అందరూ 'జర్మనీ అన్న' అంటారట. మ్యూనిక్‌లోనేమో పేరు పలకడం చేతకాక పొడి అక్షరాలతో పిలుస్తారు. ల్యాబ్‌లో పాత బోర్డులు చూసుకునేది వరంగల్ నుంచి వచ్చిన కుర్రాడు. చేరి రెండేళ్లయింది. నా డ్రైవర్ ఎలా ఉందంటే "మంచిగుందన్నా" అన్నాడు. స్క్రీన్ మీద అతని కోడ్ చూస్తే, పది మిల్లీసెకన్లకోసారి ఒక టైమరు పోర్టుల స్థితిని తనే వెళ్లి చూసి వస్తోంది. ఇంటరప్ట్ సరిగ్గా వస్తుంటే దాని అవసరమేముంది?

టీ తాగుదామని కిందికి తీసుకెళ్లాను. రెండో కప్పు దగ్గర చెప్పాడు. నలభై రీబూట్‌లకోసారి కేబుల్ పెట్టినా పోర్టు లేవడంలేదు. ముందు కేబుల్ అనుకుని కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి తన డబ్బులతో కొత్తవి తెచ్చాడు. తర్వాత బోర్డే పోయిందనుకున్నాడు. 

"మరి డ్రైవర్ని అనుమానించలేదా?"

"జర్మనీ నుంచి వచ్చింది కదన్నా, అందరు చూసిన్రు. తప్పు నాదగ్గరే ఉంటదనుకున్న. అడిగితే ఏమనుకుంటరో అని అడగలే."

ఏమనాలో తెలియలేదు. పదేళ్ల కిందట నేను సరిగ్గా ఇలాగే ఉండేవాణ్ణి. కాకపోతే నాకు అప్పుడు భయం అమెరికా నుంచి వచ్చిన కోడ్ అంటే.

రెండు రోజులు ఇద్దరం ఆ బోర్డు ముందే కూర్చున్నాం. మధ్యలో ఒక ప్రయోగంలో అన్ని లైన్లనీ బెల్ రకంగా మార్చేసరికి, ఎవరూ అందుకోని పిలుపు ఒకటి ఆగకుండా మోగింది. అలాంటప్పుడు లినక్స్ లక్ష పిలుపులు లెక్కపెట్టి, అందులో 99,900 కంటే ఎక్కువ పిలుపులకు దిక్కులేదని తేలితే 'నోబడీ కేర్డ్' అని ఒక మెసేజ్ ఇచ్చి ఆ లైను మూసేస్తుంది. ఆ రాత్రి ఇంట్లో లాగ్ చూస్తుంటే అమ్మ భుజం మీదుగా చదివి, "పాపం, ఎవరిని పట్టించుకోలేదట?" అంది.

మూడో రోజు చిక్కింది. డ్రైవర్ రాసే ప్రతి రిజిస్టరు చిరునామానీ ప్రింట్ చేయించాం. లైను రకం నిర్ణయించే ఫంక్షన్ వెళ్లి సున్నా చిరునామాలో రాస్తోంది. పాత చిప్‌లో ట్రిగర్ రిజిస్టరే లేదు కదా, అందుకని నా పట్టికలో ఆ గడి రాయకుండా వదిలేశాను. సి భాషలో స్ట్రక్చర్‌కి (పట్టికలో వరుస లాంటి విలువల కట్టకి) కొన్ని విలువలిచ్చి ఒకటి వదిలేస్తే కంపైలర్ అక్కడ సున్నా పెడుతుంది. తప్పనదు, అడగదు. నేను 'లేదు' అనుకుని వదిలాను. కోడ్ దాన్ని 'సున్నా దగ్గర ఉంది' అని చదువుకుంది. ఆ పాత చిప్‌లో సున్నా దగ్గర ఉన్నది టిక్కుల పుస్తకం. అందులో '1' అంకె రాస్తే టిక్కు చెరిగిపోతుంది. బూట్ అవుతుండగా ఒక డ్రైవర్ తన లైను రకం చెప్పుకునే ఆ క్షణంలోనే నెట్‌వర్క్ పోర్టు మిస్డ్ కాల్ ఇచ్చి ఉంటే, అది గల్లంతు. నలభైలో ఒకసారి. కొత్త చిప్‌లో ఆ గడి నిండే ఉంది కాబట్టి మ్యూనిక్‌లో ఐదొందల రీబూట్‌లు చేసినా, ఐదువేలు చేసినా కనపడేది కాదు.

దిద్దడం పావుగంట పని. పట్టికలో 'ట్రిగర్ రిజిస్టరు ఉంది' అని ఒక గుర్తు చేర్చి, గుర్తు ఉన్న చిప్ మీదే ఆ రాత జరిగేలా మార్చాం. లేనివాటి గడిలో సున్నాకి బదులు, ఎక్కడా లేని పెద్ద చిరునామా ఒకటి పెట్టాం. దాన్ని ఎవరైనా ముట్టుకుంటే డ్రైవర్ అక్కడే ఆగి అరుస్తుంది. ఆ దిద్దుబాటు ప్యాచ్ ఆ కుర్రాడి పేరు మీదే పంపమన్నాను. వివరణలో 'అసలు తప్పు ఈ కమిట్‌లో వచ్చింది' అని నా కమిట్ నంబరు, అంటే నేను చేసిన మార్పు నంబరు, రాయమంటే, "వద్దన్నా, బాగుండదు" అని గంట బతిమాలాడు. రాయించాను. మ్యూనిక్ నుంచి ఒకాయన "మంచి పట్టు, మేమూ చూడలేదు" అని ఒక్క లైను జవాబిచ్చాడు. అక్కడ అది పూలదండతో సమానమని చెప్తే కుర్రాడు నమ్మలేదు.

రాత్రి భోజనాల దగ్గర నాన్నకి చెప్పాను. చిప్ తరాల గురించి ఎంతో ఉత్సాహంగా చెప్తుంటే మధ్యలోనే ఆపారు.

"గడి ఖాళీగా ఎందుకు వదిలావు? మా టెస్ట్ షీటులో గడి ఖాళీగా ఉంటే ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టేవాడు కాదు. వర్తించకపోతే డ్యాష్ పెట్టాలి."

"ముగ్గురు చూశారు నాన్నా, జర్మన్లు."

"ముగ్గురు చూస్తే మాత్రం," అని పెరుగు కలుపుకున్నారు.

మరుసటి సోమవారం షీటు నింపేటప్పుడు నేను అతని పక్కన కూర్చోలేదు. సాయంత్రం తెరిచి చూస్తే హైదరాబాద్ వరుసలో 'సమస్యలు' గడిలో పదకొండు లైన్లున్నాయి. సగం నా డ్రైవర్ మీదే. రెండు మాత్రం నిజంగా అతని కేబుళ్ల తప్పే అనుకుంటాను. అక్కడ ఉదయం తొమ్మిదంటే ఇక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. మంగళవారం సరిగ్గా ఒకటిన్నరకి మ్యూనిక్ నుంచి మేనేజరు ఫోన్.

"హైదరాబాద్‌లో ఏమైంది? నువ్వు వెళ్లేదాకా అంతా బాగానే ఉంది కదా?"

ఎక్కడ మొదలుపెట్టాలో ఆలోచిస్తూ బాల్కనీలోకి నడిచాను. లోపల్నుంచి అమ్మ, అన్నం చల్లారిపోతోందని కేకేసింది.