పాత ఎస్టీమ్‌కు వాక్యూం గొట్టాలు మార్చిన నా అనుభవం

మా పర్లాకిమిడి ఇంట్లో 1997 మోడల్ మారుతి ఎస్టీమ్ ఇప్పటికీ తిరుగుతోంది. 1298 సీసీ ఇంజిన్, పెట్రోలును గాలితో కలిపి అందించే కార్బ్యురేటర్ ఉన్న రకం. నిరుడు వానలు తగ్గాక దాని ఐడ్లింగ్ కుదురు తప్పింది. ఊరికే నిలబెడితే వేగం పెరుగుతూ తగ్గుతూ ఊగిసలాడి, పాతపట్నం వెళ్లే దారిలో ఎక్కడ ఆగినా ఆరిపోయేది. ఇద్దరు మెకానిక్కులు కార్బ్యురేటర్ విప్పి కడిగి, ఐడిల్ స్క్రూ ఇంకాస్త బిగించి పంపారు. రెండు వారాలు బాగుండేది, మళ్లీ అదే తంతు. ఆర్. ఉదయగిరి వైపు కొండదారి దిగుతుండగా బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకున్న రోజున, రోగం కార్బ్యురేటర్‌ది కాదని నాకు అర్థమైంది.

ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలిని అదుపుచేసే తలుపు, అంటే థ్రాటిల్, దాదాపు మూసుకుని ఉంటుంది కనుక ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డులో గాలి పీడనం బాగా పడిపోతుంది. ఆ పీల్పునే, అంటే వాక్యూంనే, సన్నని రబ్బరు గొట్టాలు ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరుకూ, లావుపాటి గొట్టం పెడల్ తొక్కుడుకు బలం చేర్చే బ్రేకు బూస్టరుకూ అందిస్తాయి. గొట్టం చిట్లితే లెక్కలో లేని గాలి లోపలికి దూరి మిశ్రమం పలచబడుతుంది, బూస్టరుకు చాలినంత పీల్పు అందదు.

చిల్లు వెతకడానికి వేడి ఇంజిన్ మీద పెట్రోలు చల్లి చూసేవాళ్లున్నారు. ప్లగ్గు తీగల పక్కన ఆ పని నేను చేయను. గొట్టం మీద నీటి తుంపర కొడుతూ, గుడ్డ చుట్టిన ప్లయరుతో ఒక్కొక్కటే నొక్కి చూశాను. బూస్టరు గొట్టం నొక్కగానే ఇంజిన్ శబ్దం మారింది. డిస్ట్రిబ్యూటరు గొట్టాన్ని వేళ్లతో వంచితే ఎండిన మునగకాయలా నిలువునా చీలింది. ఇక అన్నీ మార్చేద్దామనుకున్నాను.

ఏ గొట్టం ఎక్కడికో చూపే బానెట్ కింది పటం వెలిసిపోయింది, ఫోటో తీస్తే అన్నీ నల్లగొట్టాలే. అందుకని కాగితపు టేపు మీద అ, ఆ, ఇ అని రాసి అంటించాను. సాయానికి వచ్చిన కుర్రాడు చక్కటి తెలుగు మాట్లాడతాడు గాని చదువంతా ఒడియాలో సాగింది. “మాస్టారూ, ఇవి నాకు రావండీ, అంకెలెయ్యండి” అన్నాడు. అంకెలే వేశాం.

శ్రీకాకుళంలో దుకాణదారు అద్దం కడిగే నీటి పైపు చూపించి ఇదే సరిపోతుందన్నాడు. అది వేడికి మెత్తబడి, పీల్పుకు చప్పిడైపోతుంది. పాత గొట్టం చివర సాగిపోయి గరాటులా తెరుచుకుంటుంది కాబట్టి కొలత అక్కడ తీయకూడదు. తెగని మధ్యభాగంలో డ్రిల్ బిట్టు కాడ దూర్చి చూస్తే నాలుగు మిల్లీమీటర్లు వచ్చింది. బూస్టరుకు మాత్రం నూలు అల్లిక ఉన్న గట్టి గొట్టమే తీసుకున్నాను.

ఒకటి తీసి, దాని స్థానంలో కొత్తది తొడిగాకే రెండోదాని జోలికి వెళ్లాం. అయినా తొందరపడ్డాను. ఉష్ణోగ్రతను బట్టి తెరుచుకునే ప్లాస్టిక్ వాల్వు మీది గొట్టాన్ని మెలితిప్పి లాగేసరికి దాని ముక్కు పుటుక్కున విరిగి చేతిలోకొచ్చింది. బ్లేడుతో గొట్టాన్ని నిలువునా చీరి ఒలిచి ఉంటే సరిపోయేది. ఆ వాల్వు దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. కొత్తవి ఎక్కించడానికి గ్రీజు రాయలేదు, సబ్బునీరు చాలు. బూస్టరు గొట్టంలోని ఒకవైపు వాల్వును నోటితో ఊది, గాలి బూస్టరు నుంచి ఇంజిన్ వైపుకే పోతోందని తేల్చుకుని బిగించాం.

స్టార్ట్ చేయగానే ఇంజిన్ హోరెత్తింది. మొదట భయపడ్డాను; ఇద్దరు మెకానిక్కులు బిగించిన స్క్రూ బాపతు అది. వేడెక్కాక స్క్రూను కొద్దికొద్దిగా వదులు చేస్తూ నిమిషానికి 850 చుట్ల దగ్గర నిలిపాం. తర్వాత డిస్ట్రిబ్యూటరు గొట్టం ఊడదీసి, చివర మూసి, టైమింగ్, అంటే ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం, సరిచూశాం. చివరగా ఇంజిన్ ఆపి బ్రేకును అయిదారుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ మెల్లగా కిందికి జారింది, బూస్టరు పనిచేస్తోందన్నమాట. అంకెల టేపులు ఇంకా పీకలేదు, మూడో నంబరు గొట్టం పొగ బయటికి పోయే వేడి మానిఫోల్డుకు మరీ దగ్గరగా పోతోంది, దాన్ని ముందుగా మార్చాల్సి రావచ్చు.