అద్దె ఇంట్లో అసెంబ్లీ

మా పదో తరగతి అబ్బాయికి తెలుగు చదవడం కూడబలుక్కుంటేనే వస్తుంది. ‘అధ్యక్షా!’ అంటూ చెయ్యెత్తి లేవడం మాత్రం నా ఫోనులోని మన అసెంబ్లీ వీడియోల పుణ్యమా అని బాగా పట్టుబడింది. ఈ ఏడాది బడివాళ్లు మ్యూనిక్‌లోని మా జర్మనీ రాష్ట్రం బవేరియా శాసనసభకు, అంటే లాంట్‌టాగ్‌కు తీసుకెళితే, అక్కడా అధ్యక్షస్థానాన్ని సంబోధించాకే మాట్లాడతారని తెగ సంబరపడ్డాడు.

ఇక్కడి మన తల్లిదండ్రులకు వెలగపూడిలో ఎవరు ఎవరిని ఏమన్నారో తెలుసు, బెర్లిన్‌లో ఛాన్సలర్ ఎవరో తెలుసు. తమ పిల్లల చదువును శాసించే సభ మాత్రం కంటికి ఆనదు. జర్మనీలో బడి చదువుల వ్యవహారం రాష్ట్రాలదే. నాలుగో తరగతిలో జర్మన్, లెక్కలు, పరిసరాల పాఠం, ఈ మూడింటి సగటు 2.33 దాటకపోతేనే బవేరియాలో గిమ్నాజియంకు, అంటే యూనివర్సిటీ చదువుకు దారితీసే ఉన్నత పాఠశాలకు నేరుగా దారి (ఇక్కడ ఒకటే అన్నిటికంటే గొప్ప మార్కు). మా అమ్మాయి ఇప్పుడు నాలుగులో ఉంది, ఇంట్లో వాతావరణం ఎలా ఉంటుందో వేరే చెప్పాలా! ఎనిమిదేళ్లకు కుదించిన గిమ్నాజియం చదువును మళ్లీ తొమ్మిదేళ్లు చేస్తూ 2017లో చట్టం చేసింది ఈ సభే. మావాడికి ఒక ఏడాది పెరిగింది అందువల్లే.

అన్నట్టు, సభకు సొంత ఇల్లు లేదు. ఈజార్ నది గట్టున మాక్సిమిలియనేయుం అనే భవనంలో 1949 నుంచి అద్దెకుంటోంది. ఇంటి యజమాని, రాజు రెండో మాక్సిమిలియన్ 1852లో నెలకొల్పిన విద్యార్థి సంస్థ. ఇంటర్ స్థాయి పరీక్షలో అత్యుత్తమంగా నెగ్గిన కొద్దిమందికి అక్కడే ఉచిత వసతి, భోజనం. భౌతిక శాస్త్రవేత్త హైజెన్‌బర్గ్ అలా ఉండి చదువుకున్నవాడే. శాసనసభ గురించి ఎంత చెప్పినా ఊకొట్టిన మా ఆవిడ, ఈ ఒక్క మాటకు తలెత్తి చూసింది.

“మరి ఇక్కడ గవర్నర్ ఎవరు?” అని అడిగాడు మావాడు. లేరు. ముఖ్యమంత్రిని సభే ఎన్నుకుంటుంది, ప్రమాణం కూడా సభ ముందే. బెర్లిన్ ఈ సభను రద్దు చేయలేదు. పది లక్షల మంది ఓటర్లు కోరితే మాత్రం రద్దుపై ప్రజలే ఓటు వేయవచ్చు. 1984 ఆగస్టులో గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ను దించేయడం, నెల తిరిగేసరికి ఆయన మళ్లీ గద్దెనెక్కడం చెబితే వాడు అన్నం మరిచి విన్నాడు. మన శాసనమండలి 1985లో పోయి 2007లో తిరిగొచ్చింది. బవేరియాకూ సెనేట్ అనే ఎగువసభ ఉండేది, 1998లో ప్రజలు ఓటేసి తీసేశారు. పార్టీల లెక్కల మీద కాక జనం మాట మీద పోయిన ఆ పద్ధతే నాకు నచ్చింది.

జనం మాటకు ఇక్కడ బలమెక్కువ. పదిశాతం ఓటర్లు రెండు వారాల్లో సంతకాలు చేస్తే వాళ్ల చట్టం సభ ముందుకు రావాల్సిందే. 2019లో తేనెటీగల రక్షణ కోసం సుమారు 17 లక్షల మంది సంతకాలు చేశారు. సభ ఆ బిల్లును ఆమోదించింది.

నాదీ, మా ఆవిడదీ భారత పాస్‌పోర్టులే కాబట్టి ఓటు లేదు, ఆ సంతకమూ చెల్లదు. కానీ లాంట్‌టాగ్‌కు అర్జీ పెట్టుకునే హక్కు ఏ దేశస్థుడికైనా, ఎంత చిన్నవాడికైనా ఉంది. సాధారణంగా ఆ అర్జీని కమిటీ బహిరంగంగానే చర్చిస్తుంది. బడి గురించి వాట్సాప్‌లో వాపోయే మన బృందాలకు నేను చెప్పేది ఇదే: ఆ గోడు ఒక కాగితం మీద పెట్టండి.

మావాడు ఇక్కడ పుట్టి జర్మన్ పౌరుడయ్యాడు. 2028 ఎన్నికల నాటికి పద్దెనిమిది నిండుతాయి. వాడికి రెండు ఓట్లు: ఒకటి నియోజకవర్గానికి, రెండోది పార్టీ జాబితాలో నచ్చిన ఏ ఒక్కరికైనా. ఆ రెండో బ్యాలెట్ నమూనా భోజనాల బల్ల మీద పరిస్తే పళ్లేలు తీయాల్సి వచ్చింది. జాబితా అడుగునున్నవాళ్లు కూడా ఓట్ల బలంతో పైకి ఎగబాకవచ్చు. ఎవరికి వేయాలో మా ఆవిడ ఇప్పుడే ప్రచారం మొదలుపెట్టింది. రహస్య బ్యాలెట్ అని వాడు నవ్వుతున్నాడు.