ఓడలో రాత్రి భోజనం వేళ కోసం మేము పడిన పాట్లు

పెట్టెలు ఇంకా పూర్తిగా ఖాళీ చేయలేదు, కోపం కూడా తగ్గలేదు. సింగపూర్‌లో ఎక్కించుకుని పినాంగ్, ఫుకెట్ చూపించి మళ్ళీ సింగపూర్‌లో దించే ఓడలో మా కుటుంబమంతా వెళ్ళి వచ్చాం. గుంటూరు నుంచి మేము, మా అత్తయ్యగారు, మామయ్యగారు. విజయవాడ నుంచి మా వదిన, అన్నయ్యగారు, వాళ్ళ పిల్లలు. సముద్రం బాగుంది, ఓడ బాగుంది, పిల్లలు ఇప్పటికీ అవే కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను రాస్తున్నది ఒక్క రాత్రి భోజనం గురించి. పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళేవారు డబ్బు కట్టే ముందే ఇది చదవాలని నా కోరిక.

పాస్‌పోర్టులు, వీసాల పని తేలికగానే అయింది. ఓడ తిరిగి సింగపూర్‌కే వస్తుంది కనుక ఆ దేశపు వీసా ఒకటికి మించిన ప్రవేశాలకు ఉండాలి. పొద్దున పినాకిని ఎక్కి చెన్నై చేరి, అక్కడి నుంచి విమానంలో వెళ్ళాం.

ఇక భోజనం సంగతి. ఇలాంటి పెద్ద ఓడల్లో ప్రధాన భోజనశాల మన పెళ్ళి భోజనాల లాగే బంతులుగా నడుస్తుంది. మొదటి బంతి సాయంత్రం అయిదున్నర, ఆరు ప్రాంతంలో. రెండో బంతి ఎనిమిది, ఎనిమిదిన్నరకు. బంతి ఎంచుకున్నవారికి ప్రయాణమంతా అదే బల్ల, వడ్డించేవాళ్ళు కూడా వాళ్ళే. చాలా ఓడల్లో మూడో పద్ధతి కూడా ఉంటుంది: నిర్ణీత గంటల మధ్య ఎప్పుడైనా వెళ్ళవచ్చు, కానీ బల్ల రోజుకొకటి మారుతుంది, రద్దీగా ఉంటే గుమ్మం దగ్గర నిలబడాలి. ఇవి కాక పై అంతస్తులో బఫే ఉంటుంది, అక్కడ వేళ ముందుగా చెప్పుకోనక్కరలేదు. థియేటర్‌లో ప్రదర్శనలను కూడా ఈ బంతులను బట్టే పెడతారు. ముందు తిన్నవాళ్ళు తరువాతి ఆటకు, ఆలస్యంగా తినేవాళ్ళు ముందు ఆటకు వెళ్తారు.

మాకు కావలసింది రెండో బంతి. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు నడుస్తుంది. అక్కడ సాయంత్రం ఆరంటే గుంటూరులో మధ్యాహ్నం మూడున్నర. ఆ వేళప్పుడు మా ఇంట్లో ఎవరూ అన్నం ముందు కూర్చోరు. అంతకంటే ముఖ్యమైన కారణం మామయ్యగారు. ఆయన రాత్రి భోజనానికి కొద్ది నిమిషాల ముందు ఇన్సులిన్ వేసుకుంటారు. ఆ మందు లోపలికి వెళ్ళాక తిండి ఆలస్యమైతే చక్కెర పడిపోతుంది, చెమటలు పట్టి కళ్ళు తిరుగుతాయి. అందుకే మాకు ఒకే వేళ, ఒకే బల్ల కావాలని అడిగాం.

నేను సహకార సంఘం లెక్కలు చూసే మనిషిని, నోటిమాట మీద సంతకం పెట్టే అలవాటు లేదు. బందరు రోడ్డులోని ట్రావెల్ ఆఫీసుకు స్వయంగా వెళ్ళి చెప్పాను, తరువాత వాట్సాప్‌లో కూడా రాశాను: మూడు క్యాబిన్లకూ రెండో బంతి, అందరికీ ఒకే బల్ల, శాకాహారం, ఇన్సులిన్ వాడే పెద్దాయన ఉన్నారు. "అన్నీ కన్ఫర్మ్ అయ్యాయమ్మా, మీరు నిశ్చింతగా ఉండండి" అని జవాబు వచ్చింది. ఓడ కంపెనీ ఇచ్చే బుకింగ్ కాగితం చూపించమని అడిగితే, మొత్తం డబ్బు కట్టాక వస్తుందన్నారు. కట్టాక ఇచ్చింది వాళ్ళ సొంత బిల్లు. అందులో 'భోజనం కలిపి' అని మాత్రమే ఉంది.

ఓడ ఎక్కగానే తలా ఒక కార్డు ఇచ్చారు. క్యాబిన్ తలుపు తెరవడానికీ, కొనుగోళ్ళకూ అదే. దాని మీద భోజనం వేళ, బల్ల నంబరు అచ్చువేసి ఉంటాయి. మా కార్డుల మీద రెండో బంతి. మామయ్యగారు, అత్తయ్యగారి కార్డుల మీద మొదటి బంతి, వేరే బల్ల. వదినవాళ్ళకు ఏ వేళకైనా వచ్చే పద్ధతి. ఏజెంటు మూడు క్యాబిన్లనూ మూడు వేరు బుకింగులుగా చేసి, ఆ నంబర్లను ఒకదానికొకటి కలపమని ఓడ కంపెనీకి చెప్పనే లేదు. కలపకపోతే మేమందరం ఒకే కుటుంబమని వాళ్ళకు తెలిసే దారి లేదు.

మార్పులు కావలసినవారు మధ్యాహ్నమే భోజనశాల ముందు వరుసలో నిలబడాలి. నిలబడ్డాను. రెండో బంతి నిండిపోయింది, వెయిటింగ్ లిస్టులో పెడతాం, రాత్రి వచ్చి చూడండి అన్నారు. ఏజెంటుకు ఫోను చేస్తే, "బఫేలో తినండమ్మా, ఏదైనా తిండే కదా" అన్నాడు.

ఎనిమిదిన్నరకు అందరం వెళ్ళాం. మామయ్యగారు క్యాబిన్‌లోనే ఇన్సులిన్ వేసుకుని వచ్చారు. గుమ్మం దగ్గరున్న అమ్మాయి లిస్టు చూసి, మా బల్ల దగ్గర ఖాళీగా ఉన్న కుర్చీల్లో అత్తయ్యగారిని, మామయ్యగారిని కూర్చోబెట్టింది. మంచినీళ్ళు పోశారు. ఆయన గుడ్డ ఒళ్ళో పరుచుకున్నారు. అప్పుడు ఆ కుర్చీల తాలూకు వాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనకే సూపర్‌వైజరు వచ్చి కార్డులు అడిగి చూసి, చుట్టుపక్కల బల్లలవాళ్ళంతా తలలు తిప్పి చూసేంత గొంతుతో, మీ భోజనం ఆరు గంటలకే అయిపోయింది, ఈ బల్ల ఖాళీ చేయండి అన్నాడు. షుగర్ మనిషి, ఇంజెక్షన్ వేసుకున్నారు, ముందు కాస్త ఏదైనా పెట్టండి అని నేను చెబుతూనే ఉన్నాను. అతను చేత్తో తలుపు చూపించాడు.

మన దగ్గర పగవాడినైనా విస్తరి ముందు నుంచి లేపరు. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి, ఎవరి పెళ్ళికి వెళ్ళినా ముందు వరసలో కూర్చోబెట్టే మనిషి, ఒళ్ళోని గుడ్డను మడతపెట్టి బల్ల మీద ఉంచి లేచారు. "పైకి వెళ్దాం పద, అమ్మాయ్" అన్నారు, అంతే. అత్తయ్యగారు కొంగు అడ్డం పెట్టుకుని కళ్ళు తుడుచుకున్నారు. వడ్డించే కుర్రాడు, గోవా అతను, మా వెనకే పరుగెత్తుకొచ్చి రెండు రొట్టెలు, గ్లాసుడు నారింజ రసం మామయ్యగారి చేతిలో పెట్టాడు. ఆ రాత్రి ఏ ప్రమాదమూ జరగలేదంటే అది ఆ కుర్రాడి చలవే. అతనికి చిన్న ఉద్యోగం, పెద్ద మనసు. అధికారం ఉన్నవాడికి ఆకలి కనబడలేదు, లేనివాడికి కనబడింది.

పొద్దున్నే రిసెప్షన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. కార్డుల నకళ్ళు, డాక్టరు చీటీ, ఏజెంటుకు నేను పంపిన సందేశం జతచేశాను. భోజనశాల ప్రధానాధికారి స్వయంగా వచ్చి మామయ్యగారికి క్షమాపణ చెప్పారు. ఆ రాత్రి నుంచి రెండో బంతిలో అందరికీ కలిపి పెద్ద గుండ్రటి బల్ల, మా కోసం అన్నం, పప్పు, కూరలు. మొదటి రాత్రి గడిస్తే ఎవరు తమ బల్లలకు రావడం లేదో వాళ్ళకు తెలుస్తుంది, కుర్చీలు దొరుకుతాయి. ఆ మాట వరసలో నిలబడ్డప్పుడే చెప్పి ఉంటే మొదటి రాత్రి మేమే బఫేకి వెళ్ళి ఉండేవాళ్ళం.

వెళ్ళేవారికి చెబుతున్నాను. ఏజెంటు బిల్లు కాదు, ఓడ కంపెనీ బుకింగ్ కాగితం అడగండి. భోజనం వేళ అందులో ఉంటుంది. అక్కడ వెయిటింగ్ అని ఉంటే ఇంకా దొరకలేదనే అర్థం. క్యాబిన్ల నంబర్లు ఒకదానికొకటి కలిపారో లేదో కంపెనీకే ఫోను చేసి కనుక్కోండి. ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉంచుకోండి. వాడిన సూదులు వేయడానికి డబ్బా అడిగితే ఇస్తారు. బల్ల దగ్గర కూర్చుని, తిండి కళ్ళ ముందుకు వచ్చాకే ఇంజెక్షన్ వేసుకోవచ్చా అని బయలుదేరే ముందే మీ డాక్టరును అడగండి. ఏజెంట్ల తియ్యటి మాటలకు మాత్రం ఒక్క రూపాయి విలువ కూడా ఇవ్వకండి.

తిరిగి వచ్చాక ఆ ఆఫీసుకు వెళ్ళి లిఖితపూర్వకంగా వివరణ అడిగాను, రసీదు మీద వాళ్ళ ముద్ర వేయించుకున్నాను. యజమాని లోపలే ఉండి కూడా బయటికి రాలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఆ ఆఫీసు నుంచి సరైన జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. మామయ్యగారు వద్దంటున్నారు, ఆయన మాట ఈ ఒక్క విషయంలో వినను.