పోలీసుల సాయంతో తమ్ముణ్ని ఆస్పత్రిలో చేర్పించడం: నా అనుభవం

తమ్ముడికి స్కిజోఫ్రెనియా, అంటే లేనిపోని అనుమానాలు, భ్రమలు కలిగే తీవ్ర మానసిక వ్యాధి. మందులు మానేశాక ఇంట్లోవాళ్ల మీదికే కత్తి ఎత్తే దాకా వచ్చింది. పోలీసులు లేకుండా ఎక్కించుకోలేమన్నారు అంబులెన్స్ వాళ్లు. స్టేషన్లోనేమో మేజిస్ట్రేట్ ఆర్డర్ తెమ్మన్నారు. అది 1987 నాటి పాత చట్టం అలవాటు. అప్పట్లో ఇలాంటి మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. 2018 మే 29 నుంచి 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అమల్లో ఉంది. అందులో సెక్షన్ 100 ప్రకారం స్టేషన్ ఇన్‌ఛార్జి అధికారే అతణ్ని రక్షణలోకి తీసుకుని, వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు.

‘ఇంట్లో గొడవ’ అని చెప్పకండి. సర్దిచెప్పి పంపేస్తారు. తెల్లకాగితం మీద జబ్బు పేరు, మందులు ఎప్పుడు మానేశాడో, ఎవరిని దేంతో బెదిరించాడో రాయండి. ‘మానసిక వ్యాధి వల్ల తనకూ ఇతరులకూ ప్రమాదం’ అన్న మాట తప్పకుండా ఉండాలి, ఆ సెక్షన్ ఆధారపడేది దానిమీదే. పాత ప్రిస్క్రిప్షన్ జతచేసి, జనరల్ డైరీలో (స్టేషన్ రోజువారీ రిజిస్టరు) టైముతో సహా రాయమనండి. కేసు వద్దు, ఆస్పత్రికి చేర్చండి చాలు అని స్పష్టంగా చెప్పండి.

వాళ్లు వచ్చేలోపు కత్తులు, కిరోసిన్ తీసేయండి. తమ్ముడితో ఒక్కరే మాట్లాడాలి, నలుగురూ కలిసి నచ్చజెబితే బెదిరిపోతాడు. పోలీసులు తన వెంట పడుతున్నారనే అనుమానం ఈ జబ్బులో చాలామందికి ఉంటుంది. అందుకే మఫ్టీలో, సైరన్ లేకుండా రమ్మని బతిమాలండి. దరఖాస్తు కన్నా ఈ విన్నపమే మాకు ఎక్కువ పనికొచ్చింది.

అసలు చిక్కు ఆస్పత్రి క్యాజువాలిటీలో (అత్యవసర విభాగం). సైకియాట్రిస్టు లేడు, వేరే చోటికి తీసుకెళ్లమంటారు. ఆలోగా పోలీసులు వెళ్లిపోతే కథ మళ్లీ మొదటికే వస్తుంది. డ్యూటీ డాక్టరు కేస్‌షీట్ రాసేదాకా వాళ్లను ఉండమనండి. సెక్షన్ 94 కింద రిజిస్టర్డ్ డాక్టరు ఎవరైనా అత్యవసర చికిత్స మొదలుపెట్టవచ్చు, గరిష్ఠంగా 72 గంటలు. ఎర్రగడ్డకో విశాఖ మానసిక ఆస్పత్రికో తరలించడం కూడా అందులోదే. అడ్మిషన్ అక్కర్లేదని డాక్టరు తేలిస్తే తిరిగి ఇంటికి చేర్చాల్సిందీ పోలీసులే.

అతను ఒప్పుకోకపోతే సెక్షన్ 89 కింద 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. దానికి ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వారిలో ఒకరు సైకియాట్రిస్టు. దరఖాస్తు పెట్టేది నామినేటెడ్ ప్రతినిధి, అంటే తన తరఫున చికిత్స విషయాలు చూడమని రోగి ముందే ఎంచుకున్న మనిషి. ఎవరినీ నియమించుకోకపోతే బంధువు సరిపోతారు కానీ, అమ్మ ఒకటి, బావ ఒకటి చెబితే అడ్మిషన్ అక్కడే ఆగుతుంది. అందుకే కుదుటపడ్డాక అతని చేతే, అతనికి నచ్చిన మనిషి పేరు తెల్లకాగితం మీద రాయించి సంతకం పెట్టించండి. మందులు వద్దని మొదటిసారి అన్న రోజే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు.